సమాధానాలు చెప్పినవారికి అందని పరిశోధన

(మైనారిటీ పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయ గ్రంథాలయాల డిజిటల్ భాండాగారాలు, పరిశోధన ఫలితాలు అందరికీ ఉచితంగా అందడం నేటి మన చర్చాంశం. ఇది గ్రంథాలయ శాస్త్రానికి సంబంధించిన విషయం కదా, హక్కుల వేదిక మీద దీనికేం పని అని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. అందుకు జవాబుగా మా అనుభవం ఒకటి ముందుగా చెబుతాము.

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో బీడీలు చుట్టే ముస్లిం మహిళల స్థితిగతులపై ప్రభుత్వానికి వినతిపత్రం సమర్పించాలని సంకల్పించి, ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరిస్తున్నాము. ఒక వృద్ధురాలు మా చేతిలోని ప్రశ్నావళిని చూసి ఇలా అన్నారు: "బేటా, ఇవన్నీ ఇంతకు ముందే ఒక అమ్మాయి వచ్చి రాసుకుపోయింది. మూడు రోజులు మా గల్లీలోనే తిరిగింది. ఆ కాగితాలు ఏమయ్యాయి?"

మేము విచారించాము. ఆ అమ్మాయి పరిశోధన పూర్తి చేసింది, డాక్టరేటు కూడా అందుకుంది. సిద్ధాంత గ్రంథం ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అట్ట వేసి భద్రంగా ఉంది. కాని బయటివారు చూడటానికి అనుమతి లేదు, నకలు తీసుకోవడానికి అసలే లేదు. ఆన్‌లైన్‌లో దాని జాడ లేదు. ఆమె అడిగిన ప్రశ్నలనే అదే గల్లీలో మళ్లీ అడుగుతూ మేము నాలుగు నెలలు గడిపాము. ఇందులో ఏ ఒక్కరినీ తప్పుపట్టలేము. జ్ఞానాన్ని సేకరించిన చోటికి తిరిగి చేర్చాలన్న ఆలోచన ఆ ఏర్పాటులోనే లేదు.

సోదరులారా, మన హక్కుల పోరాటంలో ఆవేదనకు లోటు లేదు, ఆధారాలకే లోటు. 2005 మార్చిలో ఏర్పాటై 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ ప్రభావాన్ని గుర్తు చేసుకోండి. ఉద్యోగాలు, బ్యాంకు రుణాలు, చదువుల విషయంలో మనం అనుభవంతో చెబుతున్న మాటలకు అది అంకెల బలం చేకూర్చింది. అంతర్జాలంలో ఉచితంగా లభించడం వల్లనే విలేఖరి నుంచి గ్రామ కార్యకర్త వరకు దానిని ఉటంకించగలిగారు. ఆ కమిటీ చేసిన ముఖ్యమైన సిఫార్సులలో జాతీయ సమాచార నిధి ఏర్పాటు ఒకటి. సమాచారం ఒకచోట చేరి అందరికీ అందుబాటులో లేనిదే సమన్యాయాన్ని కొలవడం సాధ్యం కాదన్నది అందులోని భావం.

మన రాష్ట్రాల అనుభవమూ ఇదే చెబుతోంది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక దరిమిలా 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం సామాజిక వర్గాలకు బి.సి. - ఇ కింద 4 శాతం రిజర్వేషన్లు కల్పించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు సర్వే ఎంత శాస్త్రీయంగా జరిగిందన్నది ప్రధాన చర్చనీయాంశమైంది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అవి కొనసాగాయి. నిశితమైన క్షేత్ర పరిశోధన న్యాయస్థానంలో ఎంత విలువైనదో ఆనాడు మనందరికీ తెలిసివచ్చింది. అలాంటి పరిశోధన మన విశ్వవిద్యాలయాలలో జరగడం లేదా? జరుగుతోంది. అవసరమైన వేళకు అవసరమైన వారి చేతికి అందడం లేదు.

ఇక ఏర్పాట్ల సంగతి చూద్దాం. పరిశోధన ఫలితాలను ఎవరైనా ఉచితంగా చదువుకునే, పంచుకునే వీలుండాలన్న ఉద్యమానికి 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన స్పష్టమైన రూపమిచ్చింది. దానినే ఓపెన్ యాక్సెస్ అంటున్నాము. దీనికి రెండు దారులున్నాయి. పత్రికే వ్యాసాన్ని ఉచితంగా ప్రచురించడం ఒకటి. రచయిత తన వ్యాసపు ఆమోదిత ప్రతిని తన సంస్థ భాండాగారంలో ఉంచడం రెండవది. చాలామంది ప్రచురణకర్తలు కొంత గడువు తరువాత ఈ రెండవ దారికి అనుమతిస్తారు. ఒప్పంద పత్రాన్ని చదవకుండా సంతకం చేసే మనవారికి ఆ హక్కు ఉన్నట్లే తెలియదు.

సిద్ధాంత గ్రంథాల విషయంలో మన దేశానికి 'శోధ్‌గంగ' ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీనిని నిర్వహిస్తోంది. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యు.జి.సి. 2009లోనే నిబంధన తెచ్చింది. డాక్టరేటు ప్రకటనకు ముందే ఆ ప్రతిని పంపాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. నేడు అందులో ఐదు లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. చదవడానికి రుసుము లేదు, సభ్యత్వం అక్కర లేదు. ఇది నిజంగా గొప్ప ప్రజా సంపద.

అయితే ఉండటం వేరు, దొరకడం వేరు. దూదేకుల సామాజిక వర్గంపై జరిగిన పరిశోధనల కోసం వెతికితే ఈ సంగతి అర్థమవుతుంది. ఒకరు దూదేకుల అని రాస్తారు, మరొకరు నూర్‌బాషా అని, ఇంకొకరు పింజారి అని, వేరొకరు లద్దాఫ్ అని రాస్తారు. ఆంగ్ల అక్షరాలలో ఒక్కొక్క పేరుకు మళ్లీ రెండు మూడు రూపాలు. గ్రంథాన్ని నమోదు చేసేవారు ఈ పేర్లన్నింటినీ కీలక పదాలుగా చేర్చకపోతే, వెతికేవారికి అది లేనట్లే.

అక్షరాల చిక్కు మరొకటి. పాత పద్ధతి అను ఫాంట్లలో కూర్చిన తెలుగు గ్రంథం కంటికి తెలుగులాగే కనిపిస్తుంది. యంత్రానికి మాత్రం అది అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరుస. పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూకూ ఇదే గతి. పుటలను ఫొటోలుగా తీసి ఎక్కించిన గ్రంథంలో ఒక్క మాటనైనా వెతకలేము. యూనికోడ్‌లో కూర్చినదైతే కలకాలం వెతకగలిగే గ్రంథమవుతుంది. మీలో ఇప్పుడు రాస్తున్నవారు ఈ ఒక్క జాగ్రత్త తీసుకున్నా తరువాతి తరానికి మేలు చేసినవారవుతారు.

పరిశోధన పత్రికల విషయానికి వద్దాం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు రూ.6,000 కోట్ల వ్యయంతో 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందించే ఏర్పాటు ఇది. ప్రభుత్వ కళాశాలల విద్యార్థులకు ఇది మేలు చేసేదే, ఆహ్వానించదగినదే. కాని ఇది చందాయే తప్ప ఓపెన్ యాక్సెస్ కాదు. మైనారిటీ యాజమాన్యంలోని ప్రైవేటు కళాశాలలు తొలి దశ పరిధిలోకి రాలేదు. జిల్లా కోర్టులో వాదించే న్యాయవాదికి, బస్తీలో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తకు, తమ మీదనే జరిగిన పరిశోధన చదవాలనుకునే కుటుంబానికి ఆ తలుపు ఇప్పటికీ మూసే ఉంది.

ఓపెన్ యాక్సెస్ పేరుతో జరిగే మోసం గురించి కూడా హెచ్చరించడం మా బాధ్యత. వ్యాసం పంపిన వారంలోనే ప్రచురిస్తామని, ఇంత రుసుము కట్టమని మీ ఫోన్లకు సందేశాలు వస్తుంటాయి. నిపుణుల సమీక్ష లేకుండా డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రిక మీ శ్రమకు గౌరవం తేదు, మీ అంకెలకు నమ్మకం తేదు. ఉపకార వేతనం ఆలస్యమై అప్పు చేసిన విద్యార్థులు ఆ అప్పులోంచే ఇలాంటి రుసుములు కట్టడం మేము చూశాము. గ్రంథాలయాలే పత్రికల ప్రచురణకు పూనుకుంటే రచయిత వద్దా, పాఠకుని వద్దా డబ్బు తీసుకోనవసరం లేదు. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు అందుబాటులో ఉంది. తెలుగులో, ఉర్దూలో సమీక్షతో కూడిన ఇటువంటి పత్రికలు నడపమని మన విశ్వవిద్యాలయాలను గట్టిగా కోరవలసి ఉంది.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. అన్నీ బహిరంగం చేయమని మేము అనడం లేదు. అనుబంధంలో సమాధానాలు ఇచ్చినవారి పేర్లు, ఇంటి నంబర్లు, సంతకాలు అలాగే ఉంచేసిన గ్రంథాలు మా కంట పడ్డాయి. అలజడుల గురించి, పోలీసు వేధింపుల గురించి, కుటుంబ వివాదాల గురించి నమ్మకంతో నోరు విప్పిన మనిషి చిరునామా లోకానికి తెలిస్తే ఆ మనిషికి రక్షణ ఎవరు? భాండాగారానికి పంపేముందు అటువంటి వివరాలు తొలగించాలి. తెరవవలసింది జ్ఞానాన్ని, మనుషుల గుట్టును కాదు.

మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో నిలిపివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. దాని పునరుద్ధరణ కోసం మన పోరాటం సాగవలసిందే. ఈలోగా ఆ ఫెలోషిప్‌తో పూర్తయిన గ్రంథాలనైనా వెలికితీసి చదువుదాం, ఉటంకిద్దాం. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ప్రజలకు చెందాలి. ఫెలోషిప్ వల్ల ప్రయోజనమేమిటని అడిగేవారికి ఆ గ్రంథాలే సమాధానం చెబుతాయి.

విద్యార్థి మిత్రులారా, మిమ్మల్ని మేము కోరేది కొంచెమే. మీ గ్రంథం భాండాగారంలో చేరిందో లేదో స్వయంగా వెతికి చూసుకోండి. అన్ని అధ్యాయాలూ తెరుచుకుంటున్నాయో లేదో సరిచూడండి. మీరు తిరిగిన వీధి, మీరు కలిసిన సామాజిక వర్గం ఏయే పేర్లతో పిలువబడుతుందో అవన్నీ కీలక పదాలలో చేర్పించండి. ఏ భాషలో రాసినా, తెలుగులోనో ఉర్దూలోనో నాలుగు పుటల సారాంశం జతచేయండి. ఆ నాలుగు పుటల నకలు తీసుకుని మీకు సమాధానాలు చెప్పిన వీధికి ఒక్కసారి వెళ్లండి.

మేము ఆ వృద్ధురాలికి ఆనాడు జవాబు చెప్పలేకపోయాము. "ఆ కాగితాలు ఏమయ్యాయి?" అన్న ప్రశ్న రేపు మీకూ ఎదురవుతుంది. "ఇవిగో అమ్మీ, చదివి వినిపిస్తాను" అని ఆమె పక్కన కూర్చుని చెప్పగలిగే పరిశోధకులు మీలోంచి రావాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.