గబ్బిలాన్నే ఎందుకు పంపాడు?

(మన సంఘం పింఛనుదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపన్యాసకులు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో మీకు చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని తేల్చింది. దాని గురించీ, డి.ఆర్. బకాయిల గురించీ మాట్లాడవలసిన పెద్దలు నా తరువాత ఉన్నారు. కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పజెప్పారు. "మాస్టారూ, మనవలు తెలుగు పుస్తకం పట్టుకొచ్చి ప్రతీక అంటే ఏమిటి, భావచిత్రం అంటే ఏమిటి తాతయ్యా అని అడుగుతున్నారు. మా రోజుల్లో ప్రతిపదార్థం, తాత్పర్యం, సందర్భసహిత వ్యాఖ్య, అంతే. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయండీ?" అన్నారు.

పేర్లు కొత్తవి కావచ్చు, సరుకు పాతదే. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరదేశంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాశాడు. కావ్యానికి ప్రాణం పైకి కనిపించే అర్థంలో లేదు, దాని వెనక వినిపించే అర్థంలో ఉంది అన్నాడు. అలంకారశాస్త్రం చెప్పే పండితులు దానికి "గంగలో గొల్లపల్లె" అనే ఉదాహరణ ఇస్తారు. నేను క్లాసులో గంగదాకా వెళ్ళేవాణ్ణి కాదు. మన కృష్ణ కాలవలు చాలవూ?

పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి, "అబ్బాయికి అయిదెకరాలండీ, కాలవ మీదే" అంటాడు. నీళ్ళమీద పొలం తేలదు కదా! కనుక గట్టున ఉందని అర్థం చేసుకుంటాం. శాస్త్రంలో దాన్ని లక్షణ అన్నారు. కానీ పేరయ్య చెప్పదలచుకున్నది అదీ కాదు. నీటి ఎద్దడి లేదు, పంటకు భయం లేదు, పిల్ల సుఖపడుతుంది, ఇదీ ఆయన మాట. ఒక్క ముక్క కూడా ఆయన పైకి అనలేదు. ఆడపిల్ల తండ్రికి మాత్రం అంతా వినిపించింది. అదే "శివారు భూమి అండీ" అని ఉంటే? ఆయనా అది దారి గుర్తుగా వినడు. చివరి కాలవదాకా నీరు రాదని వింటాడు, కాఫీ ఇచ్చి పంపించేస్తాడు. డెల్టాలో పుట్టినవాడికి ధ్వని నేర్పక్కరలేదు. నీకది వచ్చునురా అని గుర్తు చేస్తే చాలు.

ఇక ఆ రెండు మాటల సంగతి. కవి చెప్పినది కంటికి కడితే భావచిత్రం. ఆ వస్తువు కథలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతూ, తన బరువుతోపాటు ఇంకొకదాని బరువునూ మోస్తే ప్రతీక. గురజాడవారి పూర్ణమ్మ పుత్తడిబొమ్మ. పుత్తడి అనగానే మెరుపు కనిపిస్తుంది. ముసలి వరుడికిచ్చి పెళ్ళి చేశారని తెలిశాక అదే పుత్తడి తూకం వేసి అమ్మే సరుకుగా కనిపిస్తుంది. బొమ్మ కనుక దానికి నోరు లేదు. ఈ పాఠం చెప్పేటప్పుడు మగపిల్లలు నోట్సు కోసం పెన్నులు పట్టుకుని కూర్చునేవారు. ఆడపిల్లలు తల వంచుకునేవారు. ఎవరికి అర్థమైందో నేను పరీక్ష పెట్టి తెలుసుకోనక్కరలేకపోయింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. అసలు ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది అందుకే.

1980లలో నేనొక జూనియర్ కళాశాలలో పనిచేస్తుండగా గుఱ్ఱం జాషువాగారి 'గబ్బిలం' నుంచి కొన్ని పద్యాలు పాఠంగా వచ్చాయి. జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు, 1971లో కన్నుమూశారు. గబ్బిలం మొదటి భాగం 1941లో వచ్చింది. అంటరానివాడని ఊరు వెలివేసిన ఒక పేదవాడు తన గుడిసెలోకి రాత్రివేళ వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకుని, కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. కాళిదాసు మేఘసందేశం నడిచిన దారే. అక్కడ యక్షుడు, ఇక్కడ అస్పృశ్యుడు. అక్కడ మేఘం, ఇక్కడ గబ్బిలం.

నేను నోట్సు చెప్పించాను. "గబ్బిలము: అస్పృశ్యుని దైన్యమునకు ప్రతీక. పక్షులలో హీనముగా ఎంచబడునది కావున కవి దీనిని గ్రహించెను." గైడులోనూ ఇంచుమించు అదే ఉంది. అందరూ రాసుకున్నారు. పరీక్షలో అందరూ అదే రాశారు, ఒక్కడు తప్ప.

ఆ అబ్బాయి లంక ఊరినుంచి వచ్చేవాడు. రేవు దాటి, సైకిలు తొక్కుకుని, తరచు మొదటి పీరియడు సగమయ్యాక చేరేవాడు. వాడు రాసినది ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. గబ్బిలం మాలాంటిది కాదు, మాకు లేనిది దానికి ఉంది అని మొదలుపెట్టాడు. వాళ్ళ తాత పండగనాడు గుడి బయట చెట్టుకింద నిలబడి దణ్ణం పెట్టుకునేవాడట. సాయంత్రం వేళ గబ్బిలాలు గాలిగోపురంలోంచి లోపలికీ బయటికీ ఎగురుతుంటే వీడు చూసేవాడట. వాటినెవరూ అడ్డగించరు, అందుకే దాన్ని పంపాడు అని రాశాడు.

అయిదు మార్కులకు ఒక మార్కు వేశాను. పక్కన ఎర్ర సిరాతో "నోట్సు చూడుము" అని రాశాను.

వాడు వచ్చి నన్ను అడగలేదు. అడిగివుంటే బాగుండేది, కోప్పడి అయినా నేను పద్యం మళ్ళీ చదివేవాణ్ణి. ఆ తరువాత ఏడాది పూర్తయ్యేదాకా నా క్లాసులో వాడు చెయ్యెత్తలేదు. పాసయ్యాడు. ఎక్కడున్నాడో తెలియదు.

కొన్నాళ్ళకు మళ్ళీ అదే పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు కావ్యం మొత్తం ముందేసుకున్నాను. అంతవరకు నేను చదివినది పాఠ్యపుస్తకంలోని ముక్కే. నిజం చెప్పడానికి ఈ వయసులో సిగ్గేమిటి? అందులో ఆ దీనుడు గబ్బిలంతో అంటున్నది అదే. పూజారి లేని సమయం చూసి శివుడి చెవి దగ్గర నా మాట చెప్పు అంటాడు. తనను గడప తొక్కనివ్వని గుడిలో ఒక పిట్ట తలకిందులుగా వేలాడుతున్నా ఎవరికీ మైల లేదు. కావ్యంలోని దెబ్బంతా అక్కడుంది. హీనంగా ఎంచబడే ప్రాణి అన్న నా నోట్సు అబద్ధం కాదు. ఆ గుడిసెకు వచ్చే చుట్టం మరి అదొక్కటే. కానీ అది సగమే. మిగతా సగం లంక కుర్రవాడు రాశాడు. వాడు గైడు చదివి రాయలేదు, గుడి బయట నిలబడి చూసి రాశాడు. అవధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారంతటివారు జాషువాగారి కాలికి గండపెండేరం తొడిగారంటే ఊరకే తొడిగారా!

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ప్రతీక పాఠంలో అర్థం నేను ముందు చెప్పడం మానేశాను. "దీని స్థానంలో ఇంకొకటి పెట్టి చూడండర్రా" అనేవాణ్ణి. గబ్బిలం బదులు హంసను పెడదాం. నలుడి కబురు దమయంతికి మోసినది హంసే కదా. "హంస రాజుగారి తోటలో దిగుతుంది గానీ గుడిసెకు ఎందుకొస్తుందండీ?" అన్నదొక అమ్మాయి. మేఘం? "మేఘం గుళ్ళోకి దూరదు సార్." చిలక? వెనక బెంచీనుంచి ఒకడు, "చిలకైతే పూజారి ముందే వాగేస్తుంది సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను ఆ పూట ఇక చెప్పవలసినది ఏమీ మిగలలేదు.

గైడుల్లో ఇంకో జబ్బుంది. పాము అంటే చెడు, దీపం అంటే జ్ఞానం, సముద్రం అంటే గాంభీర్యం అని పట్టిక వేస్తారు, ఎక్కాల పుస్తకంలాగా. విశ్వనాథ సత్యనారాయణగారిది మన కృష్ణాజిల్లా నందమూరు. ఈ బెజవాడలోనే ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. ఆయన 'వేయిపడగలు'లో పాము చెడా? ఆ పడగల నీడనే ఊరి ధర్మం నిలిచింది. ఒక్కొక్క పడగా వాలిపోతూ చివరికి రెండు మిగులుతాయి. ఆ రెండూ ఆలుమగలు. ఆయన భావాలతో నాకు అన్నిటా పొత్తు కుదరదు, అది వేరే సంగతి. కానీ పాము అంటే చెడు అని బట్టీ పట్టిన పిల్లవాడు ఆ నవల మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి, మర్నాడు పొలంలో పాము కనిపిస్తే కర్ర తీసే జాతి మనది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకునేదీ మనమే, దివిసీమ చేలల్లో నాట్లవేళ పాముకు భయపడేదీ మనమే. మన పిల్లలకు ఒక వస్తువు రెండు ముఖాలతో ఉంటుందని వేరే చెప్పాలా?

సముద్రం మాట. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మరుసటి ఏడాది ఒక పద్యంలో సముద్రం వస్తే అలవాటుగా "గాంభీర్యం" అని బోర్డు మీద రాశాను. అవనిగడ్డ వైపునుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. ఆమె రాసుకోలేదు. నేనూ ఎందుకని అడగలేదు. ఆ మాట తుడిచి పాఠం ముందుకు నడిపాను.

ప్రతీక అంటే పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళకే అనుకునేవారికి కూచిపూడి భాగవతం ఒకటి చాలు. భామాకలాపంలో సత్యభామ ఇంకా కనిపించదు, తెర వెనక ఉంటుంది. ముందు ఆమె జడ తెరమీదుగా ఇవతలికి వచ్చి పడుతుంది. నన్ను మించినవారుంటే రండి అని సవాలు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషం కట్టిన రోజుల్లో అరుగులమీద, చాపలమీద కూర్చున్న జనంలో సంతకం రానివాళ్ళు ఎందరో. ఆ జడ చూడగానే ఆమె అందం, గర్వం, ముందు ముందు ఆ గర్వం కరగబోవడం, అన్నీ వాళ్ళకు తెలిసిపోయేవి. పక్కన నిలబడి "జడ: అహంకారమునకు ప్రతీక" అని ఎవరూ చెప్పలేదు.

కనుక మనవడో మనవరాలో పుస్తకం తెచ్చినప్పుడు భయపడకండి. అర్థం చెప్పే తొందర పెట్టుకోకండి. ఆ వస్తువు నువ్వు ఎప్పుడైనా చూశావా, ఎక్కడ చూశావు, అప్పుడేమనిపించింది అని అడగండి. చూడకపోతే చూపించండి. మీ దగ్గర పిల్లలకు లేనిదొకటి ఉంది, సాయంత్రాలు ఖాళీ. మార్కులు పోతాయేమోనని అమ్మానాన్నలు గొడవ పెడితే, పరీక్షకు గైడులో వాక్యం కూడా ఒకటి రాయమనండి. నేను అంత ఆదర్శవాదిని కాను.

మా మనవరాలు ఈమధ్య గబ్బిలం పాఠం చదువుతూ, "తాతయ్యా, గబ్బిలం ఎలా ఉంటుంది?" అంది. ఫోనులో బొమ్మ చూసిందట, చాలలేదట. చీకటి పడే వేళకు బందరు కాలవ గట్టుకు తీసుకెళ్ళాను. చెట్టుమీదినుంచి ఒక్కొక్కటీ రాలినట్టు కిందికి దిగి, మళ్ళీ లేచి ఎగిరిపోతున్నాయి. చాలాసేపు చూసింది. "ఇవి ఎక్కడికైనా వెళ్ళొచ్చు కదా" అంది. నేను అవునన్నాను. ఆ లంక కుర్రవాడి సంగతి ఆ పూటే మొదటిసారి మా ఇంట్లో చెప్పాను. "మరి ఆ అన్నయ్యకు మార్కులు మార్చావా?" అని అడిగింది.

కార్యదర్శిగారు టీ వచ్చిందని సైగ చేస్తున్నారు.