దమ్ముకు దిగేముందే ఆయిల్ మార్చుకుందాం

(మండల శిక్షణా తరగతిలో గ్రామశాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడాల్సిన చోట ఇంజన్ ఆయిల్ గోలేమిటని పొద్దున టీ దగ్గర ఒకాయన అడిగారు. కౌలు కార్డుల సంగతి మధ్యాహ్నం ఉంది. ఇది కూడా సాగు ఖర్చు సంగతే. ఎందుకో చెబుతాం.

మా శాఖలో కొందరం కలిసి కొనుక్కున్న ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఒకటుంది. రెండేళ్ల కిందట సరిగ్గా దమ్ము మధ్యలో ఆయిల్ ప్రెషర్ లైటు మిణుకుమంటోందని డ్రైవర్ గట్టు మీదకొచ్చి చెప్పాడు. వెనక ఇంకో ఇద్దరు రైతులు వంతు కోసం నిలబడి ఉన్నారు. "ఈ ఎకరం అయ్యాక చూద్దాంలే" అన్నాం. ఎకరం కాలేదు. ఇంజన్ పట్టేసింది. సంపు విప్పితే ఆయిల్ లేదు, మడ్డి ఉంది. బేరింగులు అరిగిపోయి క్రాంకు గీసుకుపోయింది. బిల్లు లక్షకు దగ్గరగా వచ్చింది. డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం. ట్రాక్టర్ షెడ్డులో ఉన్నన్నాళ్లూ మడిలో నారు ముదిరిపోయింది. బయటి బండ్లవాళ్లు అడిగినంత అద్దె ఇచ్చుకున్నాం. తప్పు కంపెనీదీ కాదు, డ్రైవర్‌దీ కాదు. అతను చెప్పాడు, మేమే వినలేదు.

మేం చేసిన అసలు పొరపాటు మరొకటుంది. "ఉగాదికి మార్చాం కదా" అని నెలలు లెక్కేసుకున్నాం. ట్రాక్టర్‌కు నెలలతో పనిలేదు, గంటల మీటరే లెక్క. కొత్త బండికి మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకు ఉంటుంది. ఆ తర్వాత చాలా మోడళ్లకు 250 గంటలకోసారి అంటారు. మీ బండికి ఎంతన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే నమ్మండి. దమ్ము రోజుల్లో ఇద్దరు డ్రైవర్లను పెట్టి రోజుకు 14 గంటలు తిప్పామనుకోండి, 18 రోజుల్లోనే 250 గంటలు అయిపోతాయి. సగం వాడిన ఆయిల్‌తో మడిలోకి దిగితే గడువు ఎక్కడ తీరుతుంది? నడిమడిలో తీరుతుంది. అందుకే మీటరులో ఇంకా వంద గంటలు మిగిలి ఉన్నా సరే, దమ్ముకు ముందు మార్చేయాలని మేం తీర్మానం చేసుకున్నాం.

పని చేసే తీరు చెబుతాం. ఇంజన్‌ను పది నిమిషాలు నడిపి ఆపండి. వేడెక్కిన ఆయిల్ పలచబడి మడ్డిని కూడా లాక్కుని దిగుతుంది. మరీ కాగిపోయి ఉంటే చెయ్యి కాలుతుంది. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, చక్రాలకు రాళ్లు పెట్టి ఉండాలి. సంపు కింద టబ్బు పెట్టి, డ్రైన్ ప్లగ్‌ను రింగు పానాతోనే విప్పండి. కటింగ్ ప్లేయరుతో తిప్పి తలకాయ అరగదీసిన ప్లగ్గులు మా ఊళ్లో చాలానే ఉన్నాయి, నవ్వకండి. చివరి చుక్క దాకా కారనివ్వండి. ప్లగ్గుకు కొత్త వాషర్ వేయండి.

ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేయడం ఎలాంటిదంటే, స్నానం చేసి మాసిన బట్టలే మళ్లీ కట్టుకోవడం. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే స్టార్ట్ చేయగానే ఆయిలంతా బయటకు చిమ్ముతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, ఆనేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. ఫిల్టర్ డబ్బా మీద వేరే కొలత రాసి ఉంటే దాని ప్రకారమే చేయండి.

ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది. 40 అనేది ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది, 15డబ్ల్యూ అనేది చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. సీఐ-4 లాంటి అక్షరాలు నాణ్యత తరగతి. పుస్తకంలో ఏది ఉంటే అదే పోయాలి. విడిగా అమ్మే ఆయిల్ వద్దు. సీలు చూడండి, బిల్లు అడగండి.

పోశాక స్టాప్ నాబ్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొన్ని సెకన్లు తిప్పితే ఆయిల్ పైకి ఎక్కుతుంది. తర్వాత స్టార్ట్ చేసి, లైటు ఆరిందా, కింద చుక్క కారుతోందా చూడండి. ఆపి కాసేపయ్యాక గేజీ మళ్లీ చూడండి. కొత్త ఫిల్టర్ కొంత తాగుతుంది కాబట్టి తగ్గినంత పోయాలి. గీత దాటి పోయకూడదు. రెండో రోజుకే ఆయిల్ నల్లబడిందని కంగారు పడకండి, డీజిల్ ఇంజన్ మసిని ఆయిల్ పట్టుకుంటోందన్నమాట. పాలలాగా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిసినట్టు. పోయకుండానే గేజీలో మట్టం పెరిగితే డీజిల్ గానీ నీళ్లు గానీ దిగుతున్నట్టు. అలాంటప్పుడు బండి కదపొద్దు, మెకానిక్‌ను పిలవండి.

డీజిల్ ఫిల్టర్లు మార్చినప్పుడు ఎయిర్ తీయాలి. బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. అయితే 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలా వాటికి కామన్ రైల్ ఇంజన్లు ఉంటాయి. చిటికెడు దుమ్ము పోయినా వాటి ఇంజెక్టర్లు పాడవుతాయి. వాటి డీజిల్ లైను జోలికి మనం పోవద్దు.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట. దమ్ములో నీళ్ల భయం, వేసవి దుక్కిలో దుమ్ము భయం. ఇంజన్ బోరుకు రావడానికి మేం చూసినంతలో దుమ్మే పెద్ద కారణం. రెండు పొరల ఫిల్టర్ అయితే బయటిదాన్ని లోపలి నుంచి బయటికి, తక్కువ గాలితో ఊదాలి. లోపలిదాన్ని ఊదకూడదు, దులపకూడదు, మార్చడమే. ఇక ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముందు యాక్సిల్‌లోనూ హబ్బుల్లోనూ వేరే ఆయిల్ ఉంటుంది. బురదలో మునిగి తిరిగేది అదే. ఇంజన్ ఆయిల్ మార్చిన రోజునే దాని ప్లగ్గులు కూడా విప్పి, తెల్లబడిందేమో చూడండి. టూ వీల్ బండి అలవాటున్నవాళ్లం ఇది మరచిపోతాం.

వారంటీలో ఉన్న బండిని మాత్రం కంపెనీ సర్వీసుకే తీసుకెళ్లండి. బయట చేయిస్తే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. ఈ పద్ధతి మారాలన్నది మన డిమాండే. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. రైతు తన బండి తానే విప్పుకునే హక్కు చట్టంగా రావాలి. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గించారు. ట్రాక్టర్ కొనేది ఒక్కసారి, ఆయిల్ కొనేది ఏటా. ఆ ఆయిల్ మీద 18 శాతం అలాగే ఉంది. వ్యాపారికైతే కట్టిన పన్ను వెనక్కి వస్తుంది, మనకు రాదు. తీర్మానాల్లో ఇది కూడా పెట్టాలని మా శాఖ కోరుతోంది.

తీసిన ఆయిల్ ఏం చేస్తున్నారు? కాలువలో పోసినవాళ్లను చూశాం. కింది ఊళ్ల పశువులు ఆ నీళ్లే తాగుతాయి. 2016 నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మేం గోడౌన్ దగ్గర ఒక డ్రమ్ము పెట్టాం. నిండాక అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇస్తాం. సెంట్రింగ్ పలకలకు పూస్తామని మేస్త్రీలు అడుగుతుంటారు, వాళ్లకీ లేదని చెప్పేశాం. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ మసి చర్మానికి మంచిది కాదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మా గోడౌన్ దగ్గరే ఈ పని చేసి చూపిస్తాం. పానాలు, టబ్బు, డ్రమ్ము మావి. మీ ఆయిల్, మీ ఫిల్టర్లు, బండి పుస్తకం మీరు తెచ్చుకోండి. బయల్దేరే ముందు గంటల మీటరు అంకె కాగితం మీద రాసుకురండి. డ్రైవర్లను కూడా తీసుకురండి, ఆ రోజు కూలి కోయకుండా.