నాకు గిట్టని పాండురంగు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యంమీద నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను మెట్రిక్‌తో ఆగిన రైల్వే గుమాస్తాను. విమర్శ నా తరం కాదు. ఒక గొప్ప పుస్తకం నాకెందుకు గిట్టలేదో మాత్రం మనవి చేస్తాను.

అది భాలచంద్ర నేమాడేగారి మరాఠీ నవల ‘కోసలా’. 1963లో, రచయితకు పాతికేళ్ల వయస్సులో అచ్చయింది. మరాఠీ నవల నడకనే మార్చిందని పండితులు మెచ్చుకొంటారు. 2014 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం కూడా నేమాడేగారికి లభించింది. సిరోంచలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ అయిన మావంటివారికి అది పరాయి పుస్తకమేమీ కాదు.

కథ చెప్పేవాడు పాండురంగ సాంగ్వీకర్. ఖాందేశ్ పల్లెనుండి పుణేకు చదువుకు పోతాడు. తండ్రి సొమ్ము ఖర్చుచేసి, చదువు చెడగొట్టుకొని, ఊరికి తిరిగివస్తాడు. ఇదంతా ‘నేను, నేను’ అంటూ తానే చెబుతాడు. అతని కంటికి ఎవరూ ఆనరు. తండ్రి అసలే ఆనడు.

మా బాపు తునికాకు కల్లంలో కట్టల లెక్కలు రాసేవాడు. ఎండాకాలం నాలుగు వారాల ఆ సంపాదన మాకు ఎన్ని నెలలకు సర్దవలసివచ్చేదో మా అమ్మకు తెలుసు. కాలేజీ మాట మా ఇంట్లో పుట్టనేలేదు. అటువంటివాణ్ణి, పాండురంగు ఖర్చుల పద్దు చదువుతూ నవ్వగలనా? బల్లార్షాలో టికెట్ల కిటికీ వెనక కూర్చొని, కొడుకు పెట్టె తాను మోస్తూ వచ్చే తండ్రులను చూస్తూనే ఉంటాను. పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు వాళ్లే కనిపించారు.

‘నాయకుడు వేరు, రచయిత వేరు, అతణ్ణి కావాలనే అలా తీర్చారు’ అని చదువుకున్నవారు అంటారు. ఆ మాట నాకూ తెలుసునండీ. మొక్కపాటివారి పార్వతీశం కూడా మొగల్తూరునుండి చదువుపేరిట సముద్రం దాటినవాడే, తన కథ తానే చెప్పినవాడే. అతని తెలివితక్కువతనానికి అంతులేదు. అయినా అతనితో ఓడ ఎక్కుతాం. దారిలో ఎదురైన మనుషులు అతని మాటల్లో మనుషులుగానే మిగులుతారు. పాండురంగు తననూ ఎగతాళి చేసుకుంటాడు, నిజమే. కాని తనను తిట్టుకున్నంత మాత్రాన ఇతరులను తీసిపారేసే హక్కు వస్తుందా?

ఒక్కచోట మాత్రం నా కోపం నిలవలేదు. చెల్లెలు మణి చనిపోయిన ఘట్టం. అక్కడ ఆ వెటకారమంతా ఎండుటాకులా రాలిపోయి, పిచ్చిదుఃఖం మిగులుతుంది. ఆ పుటలు రాసిన చేతికి దండం పెడతాను. తరువాత మళ్లీ ఆ మనిషి మామూలే!

ఇందులో నా ఇంటి బాధ ఒకటుంది. నాగపురంలో చదివే మా మేనల్లుడికి ఈ నవల ప్రాణం. ‘మామా, నా మనస్సులో ఉన్నదే రాశాడు’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాడి నాయన పంపే డబ్బును వాడు ఏ కంటితో చూస్తున్నట్లు? అడిగితే నవ్వి, ‘డబ్బు సంగతి కాదు మామా’ అంటాడు. మరేది సంగతో ఇంతవరకు చెప్పలేదు.

వాడు ఇవాళ ఈ సభలోనే, చివరి వరుసలో కూర్చున్నాడు. నాతో ఏకీభవించడు. అధ్యక్షులవారు దయచేసి వాడికొక అయిదు నిమిషాలు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.