యాకోబు నడక

ఈ ఉదయం నేను ముఖ్యంగా కొందరితోనే మాట్లాడాలని ఆశపడుతున్నాను. కాలు విరిగి, ఆపరేషన్ జరిగి, రాడ్డో ప్లేటో వేయించుకొని ఇంటి దగ్గర మంచం మీద ఉన్న మీతో. మీకు అన్నం పెట్టి, స్నానం చేయిస్తున్న మీ ఇంటివారిని కూడా పక్కన కూర్చోమనండి. కొన్ని మాటలు వాళ్ల కొరకే.

బైబిలు దగ్గర ఉంటే ఆదికాండము 32, 33 అధ్యాయాలు తీయండి. పెనూయేలు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబు తొడగూడు దెబ్బతిని, పొద్దు పొడిచే వేళకు కుంటుతూ నడిచాడు. ఆ తరువాత ఏశావు 400 మందితో ఎదురు వచ్చాడు. అన్నదమ్ములు కౌగిలించుకొని ఏడ్చారు. ఇక కలిసి వెళ్దాం రమ్మని ఏశావు పిలిచాడు. యాకోబు ఒప్పుకోలేదు. తన పిల్లలు పసివాళ్లనీ, మందలో పాలిచ్చేవి ఉన్నాయనీ, ఒక్క దినం వడిగా తోలినా మంద చచ్చిపోతుందనీ, వాటి నడకను బట్టి తాను మెల్లగా వస్తాననీ చెప్పాడు. అతడు తప్పించుకోవడానికే అలా చెప్పాడనేవారు ఉన్నారు. నిజమే, అతడు శేయీరుకు వెళ్లకుండా సుక్కోతుకు వెళ్లాడు. ఆ సంగతి మరో దినం ధ్యానించుకుందాం. కానీ 20 సంవత్సరాలు మందలు కాచినవాడు చెప్పిన లెక్క మాత్రం తప్పు కాదు. ఒక్క దినం తొందర, మందంతా నష్టం.

ఇప్పుడు మన సంఘాలలో జరుగుతున్నది చూడండి. నాకు తెలిసిన ఒక సహోదరునికి మోకాలి కింద ఎముక ముక్కలై ప్లేటు వేశారు. మూడు నెలల దాకా ఆ కాలి మీద పూర్తి బరువు వేయవద్దని డాక్టరు చెప్పారు. ఆరవ వారంలో ఒక కూటంలో, విశ్వాసముంటే వాకర్ అక్కడ పెట్టి నడవమన్నారు. ఆయన నడిచాడు. చప్పట్లు కొట్టారు, స్తోత్రాలు చెప్పారు. కొన్నాళ్లకు కాలు వంకర తిరిగింది. ఎక్స్‌రే తీస్తే ప్లేటు వంగి ఉంది. రెండవ ఆపరేషన్‌కు ఇంట్లో ఉన్న రెండు గేదెలు అమ్మారు. ఆ దినం చప్పట్లు కొట్టినవారిలో ఆసుపత్రికి వచ్చినవారు తక్కువ.

శృంగారమను ద్వారము దగ్గర పుట్టుకుంటివాడు గంతులు వేయలేదా అని నన్ను అడుగుతారు. వేశాడు. నేను దానిని నమ్ముతాను, ప్రకటిస్తాను. అయితే అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయము మళ్లీ చదవండి. పేతురు అతని కుడిచెయ్యి పట్టుకొని లేవనెత్తాడు. నీ విశ్వాసం మాకు రుజువు చేసి చూపించు అని ఎవరూ అతన్ని పరీక్షించలేదు. బేత్సయిదాలో గ్రుడ్డివాని మీద ప్రభువే రెండుసార్లు చేతులుంచాడు. మొదటిసారి తరువాత అతనికి మనుషులు చెట్లలాగా కనబడ్డారు. మధ్యలో ఉన్న ఆ స్థితిని దాచకుండా చెప్పినందుకు ప్రభువు అతన్ని గద్దించలేదు.

మీ కాలిలో ఏమి జరుగుతోందో కొంచెం తెలుసుకుందాం. తెలిస్తే భయం తగ్గుతుంది, తొందర కూడా తగ్గుతుంది. తొడ ఎముక లోపలి గొట్టంలో రాడ్డు వేసే పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్‌షర్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. అంతకుముందు నెలల తరబడి బరువులు వేలాడదీసి మంచానికి కట్టి ఉంచేవారు. రాడ్డు వచ్చాక మనుషులు త్వరగా లేస్తున్నారు. కానీ రాడ్డు ఎముకను అతికించదు, పట్టుకొని ఉంచుతుందంతే. అతికే పని ఎముకదే. మొదట విరిగినచోట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాలలో అక్కడ మెత్తని కణజాలం పుడుతుంది. అది మెల్లగా గట్టిపడి ఎముక అవుతుంది. పెద్ద ఎముకలకు సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. షుగరు ఉన్నవారికి, పొగ తాగేవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. (చుట్ట మానమని సంవత్సరాలుగా చెబుతున్నాను. ఇప్పుడు మీ ఎముక కూడా అడుగుతోంది.)

ఒక ఇనుప తీగను ఒకే చోట పదేపదే వంచితే ఏమవుతుందో మీకు తెలుసు. ఎముక అతకకముందే బరువంతా వేస్తే ప్లేటు గతి, స్క్రూల గతి అదే. అలాగని అసలు కదలకపోవడం కూడా తగదు. బరువు పడిన ఎముక బలపడుతుంది, పడనిది పలచబడుతుంది అని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1892లోనే పుస్తకం రాశాడు. తొడ కండ కొద్ది వారాలలోనే కరిగిపోతుంది, మోకాలు బిగుసుకుపోతుంది. కాబట్టి, అమ్మా, కదలకు నాయనా అని ప్రేమతో మీరు చేసే కాపలా కూడా హాని చేయగలదు. ముఖ్యంగా తుంటి ఎముక విరిగిన పెద్దవారిని డాక్టర్లు ఆపరేషన్ మరుసటి దినమే నిలబెడతారు. మంచమే వారికి శత్రువు. పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది, కాలిలో రక్తం గడ్డకడుతుంది.

అందుచేత పక్కింటివారితో పోల్చుకోకండి. తొడలో రాడ్డు వేసిన ఒకాయనను మొదటి వారమే నడవమంటారు. మోకాలి కీలు దగ్గర ప్లేటు వేసిన మరొకరిని మూడు నెలలు ఆగమంటారు. ఇద్దరికీ కాలే విరిగింది, దెబ్బ వేరు. మీ కాలికి ఎంత బరువు అనే మాట మీ సర్జన్ నోటనే వినండి, కాగితం మీద రాయించుకోండి. సగం బరువు అంటే ఎంతో తెలియకపోతే, బరువు తూచే మిషన్ మీద ఆ పాదం పెట్టి, చంకకర్రల మీద ఆనుకొని చూడండి. 60 కిలోల మనిషికి ముల్లు 30 దాటకూడదు. రెండు మూడు రోజులు చూస్తే పాదానికే గుర్తుంటుంది.

అసలు కష్టం మంచి దినాన వస్తుంది. నొప్పి లేదు, మనసు హుషారుగా ఉంది, వీధి చివరిదాకా వెళ్లి వస్తారు. మరునాడు కాలు దిమ్మెలా వాచి రెండు దినాలు లేవలేరు. అలా కాక, పూటకు ఐదు నిమిషాలు, దినానికి నాలుగుసార్లు అని ఫిజియోథెరపిస్టు చెబితే, బాగున్న దినాన కూడా ఐదు నిమిషాలకే ఆగండి. ఉదయం లేచేసరికి నొప్పి, వాపు నిన్నటికంటే ఎక్కువగా ఉంటే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం. కొంచెం తగ్గించండి, మానకండి. పడుకున్నప్పుడు పాదం ఆడించడం, తొడ కండ బిగించి వదలడం, మడమ జరుపుతూ మోకాలు మడవడం, వాళ్లు నేర్పినవి ప్రార్థన వేళలాగా ఒక వేళకు చేయండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. ఒక్క చేతికర్ర దాకా వచ్చాక దానిని మంచి కాలి వైపు చేతితో పట్టుకోవాలి. చాలామంది ఎదురుగా పట్టుకుంటారు.

పిక్క వాచి నొప్పి పుడితే, పుండు నుండి చీము వస్తే, జ్వరం వస్తే, కాలిలో హఠాత్తుగా కొత్త నొప్పి మొదలైతే, అదే దినం డాక్టరుకు చూపించండి. ఊపిరి అందకపోయినా, గుండెలో పొడిచినట్టున్నా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దారిలో ప్రార్థన చేద్దాం.

పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు అరుదు. ఆ వైద్యం సంగతి నేను తర్కించను. అయితే లోపల ప్లేటు ఉన్న కాలికి ఎవరి చేతా తైలం మర్దన చేయించకండి, ఆకు కట్టు కట్టించకండి. నల్లేరు పచ్చడి మీకు ఇష్టమైతే తినండి. పత్యం పేరిట గుడ్డు, పప్పు, పాలు, చేపలు మానిపించకండి. వాటితోనే కదా కండ, ఎముక తిరిగి కట్టుకునేది.

సంఘ పెద్దలారా, మీకొక మాట. మొదటి వారం మంచం చుట్టూ జనం. మూడవ నెలలో ఎవరూ రారు. కూలి లేదు, అప్పు పెరిగింది, ఆ దినాలలోనే మనిషి గోడ వైపు తిరిగి ఏడుస్తాడు. ఆకలికి భయపడి అతకని కాలితో పనిలోకి దిగేదీ అప్పుడే. అప్పుడు వెళ్లండి. ఒక బియ్యం బస్తా తీసుకెళ్లండి, ఫిజియోథెరపీకి ఆటో ఖర్చు ఇవ్వండి. కింద కూర్చోలేని వారికి మందిరంలో చాప పక్కన ఒక కుర్చీ వేయండి, స్నానాల గదిలో కమోడు కుర్చీ ఉందో లేదో అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, వాళ్లు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు.

ఇక ప్రార్థనలోనికి వెళ్దాం. మోకాలి ముందు నుండి రాడ్డు వేసినవారికి ఎముక అతికిన తరువాత కూడా మోకరిస్తే నొప్పి రావచ్చు. కనుక మోకరించకండి. కూర్చున్నవారు అలాగే కూర్చోండి, పడుకున్నవారు కాలి కింద దిండు తీయకుండా కళ్లు మూసుకోండి.

ప్రేమగల తండ్రీ, ఈ వారం ఎక్స్‌రేకు వెళ్లవలసిన నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకోండి. పోయిన కూలి లెక్కపెట్టుకుంటూ పడుకున్న ఇంటి యజమానికి ఈ రాత్రి నిద్ర దయచేయండి. అతని మంచం పక్కన మేలుకొని ఉన్న తల్లికి, భార్యకు కూడా. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.