లోతున దాగిన శక్తి – ‘జార్జ్ వాషింగ్టన్’ జలాంతర్గామి చరిత్ర



యుద్ధం చేయుటకు గాక, యుద్ధం రాకుండా ఆపుటకే నిర్మించినామని అమెరికా చెప్పుకొన్న ఒక నౌక కథ ఇది.

1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించగానే అమెరికాలో ఆందోళన చెలరేగినది. నేలమీది క్షిపణి స్థావరాలను శత్రువు ముందుగానే ధ్వంసం చేయవచ్చును. సముద్రగర్భంలో సంచరించే స్థావరాన్ని వెదకి పట్టుకొనుట దుస్సాధ్యం. ఈ ఆలోచనకు రూపమే ‘జార్జ్ వాషింగ్టన్’. కొత్తగా నౌకను రూపొందించే వ్యవధి లేదు. అందుచేత గ్రోటన్ పట్టణంలో ‘స్కార్పియన్’ అనే పేరుతో నిర్మాణంలో ఉన్న అణు జలాంతర్గామిలోనే మార్పులు చేసి, నడుమ సుమారు 130 అడుగుల క్షిపణి విభాగాన్ని చేర్చినారు. అందులో 16 పొలారిస్ క్షిపణులు నిలువుగా అమరినవి. 1959 జూన్ 9న జలప్రవేశం, డిసెంబరు 30న నౌకాదళ ప్రవేశం జరిగినవి.

1960 జూలై 20న ఫ్లోరిడాలోని కేప్ కెనవరల్ సమీపాన, నీట మునిగి ఉండగానే ఈ నౌక రెండు క్షిపణులను జయప్రదంగా ప్రయోగించినది. పీడనంతో బయటకు నెట్టబడిన క్షిపణి, నీటిపైకి వచ్చిన పిదపనే నిప్పు అందుకొనేది. దాని పరిధి సుమారు 2,200 కిలోమీటర్లు. తొలి గస్తీ 66 దినములు సాగి 1961 జనవరి 21న ముగిసినది. అణుశక్తికి అలసట లేదు, మనిషికి ఉన్నది. కనుక ‘నీలం’, ‘బంగారం’ అనే రెండు సిబ్బంది బృందాలు వంతులవారీగా నౌకను నడిపేవి.

1981 ఏప్రిల్ 9న తూర్పు చైనా సముద్రంలో ఈ జలాంతర్గామి ‘నిషో మారు’ అనే జపాను సరకుల ఓడను అడుగునుండి ఢీకొన్నది. ఆ చిన్న ఓడ కొద్ది నిమిషాలలోనే మునిగిపోయినది. ఇద్దరు మరణించినారు; 13 మందిని జపాను నౌకలు రక్షించినవి. ప్రమాద వార్త జపాను ప్రభుత్వానికి ఒక దినమునకు పైగా ఆలస్యంగా చేరుట ఆ దేశ ప్రజలకు తీరని ఆవేదన కలిగించినది. అమెరికా విచారం ప్రకటించి, బాధ్యతను అంగీకరించినది.

1985 జనవరిలో నౌక సేవనుండి విరమించినది. పాతికేళ్లలో శత్రువుపై ఒక్క క్షిపణినైనా ప్రయోగించలేదు. అయినను, ఎవరికీ శత్రువులు కాని ఇద్దరు నావికులు దాని మూలంగా ప్రాణాలు కోల్పోయినారు. గెలుపు, దుఃఖం రెండూ ఆ నౌక చరిత్రలోనివే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాజాలదు.

ఇట్టి శక్తి నేడు మన దేశానికీ ఉన్నది. విశాఖపట్నంలో నిర్మితమైన ‘అరిహంత్’ 2009 జూలై 26న జలప్రవేశం చేసినది. రేపు ఇట్టి యంత్రాలను రూపొందించువారు, నడుపువారు నేటి తరగతి గదులలోనే కూర్చుని ఉన్నారు. లెక్క తప్పకుండుట వారికి నేర్పవలసిన మొదటి పాఠం. పైనున్న చిన్న ఓడను మరువకుండుట రెండవది. మొదటి దానికి పరీక్షలు ఉన్నవి. రెండవది ఇంటివద్ద తల్లిదండ్రులు, బడిలో గురువులు కలిసి నేర్పవలసినది.