మన ఆరోగ్యం – మన చేతి గడియారం
(టోవా పాయోలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగం)

సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగులోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

2017 జాతీయ దినోత్సవ ప్రసంగంలో అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ గారు చక్కెర వ్యాధిని ప్రత్యేకంగా ప్రస్తావించారు. సింగపూరులో 9 మందిలో ఒకరికి, 60 ఏళ్లు దాటిన భారత సంతతివారిలో 10 మందికి ఆరుగురికి ఈ వ్యాధి ఉందన్నారు. అంటే ఇది మన ఇళ్లలోని మాటే.

2015లో ఇక్కడి ఆరోగ్య ప్రోత్సాహక మండలి ‘నేషనల్ స్టెప్స్ ఛాలెంజ్’ మొదలుపెట్టి, అడుగులు లెక్కించే పరికరాలను ఉచితంగా పంచింది. మణికట్టు పట్టీ చేతి కదలికను బట్టి అడుగులను లెక్కిస్తుంది. అందుకే లోరోంగ్ 8 మార్కెట్టులో బండి తోస్తూ నడిస్తే కొన్ని అడుగులు లెక్కకు రావు. దిగులు పడకండి, ఆ నడక ఒంటికి పట్టే ఉంటుంది. పదివేల అడుగులన్నది కూడా వైద్యులు గీసిన గీత కాదు. 1965లో జపానులో అమ్మిన ఒక పరికరం పేరుకే ‘పదివేల అడుగుల కొలమానం’ అని అర్థం. మోకాళ్ల నొప్పులున్నవారు నిన్నటికంటే కొంచెం ఎక్కువ నడిస్తే చాలు.

ఇప్పుడు చేతికి అంటించుకునే బిళ్లలు కూడా వచ్చాయి. సన్నని తీగ చర్మం కింది ద్రవంలోని చక్కెరను కొలిచి ఫోనుకు పంపుతుంది. పండుగనాడు పులిహోర తింటే గీత ఎలా లేస్తుందో, భోజనమయ్యాక కాసేపు నడిస్తే ఎలా దిగుతుందో కళ్లారా చూడవచ్చు. అయితే అది రక్తంలోని చక్కెర కంటే కొన్ని నిమిషాలు వెనుకబడుతుంది. చెమటలు పట్టి వణుకు పుడితే, ఫోను బాగుందన్నా సరే, వేలి చుక్కతో పరీక్షించుకోవాలి. చర్మాన్ని గుచ్చకుండానే చక్కెర చెబుతామనే గడియారాలను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024లో హెచ్చరించింది. అంకె చూసి మాత్రలు మీరే మార్చకండి. వైద్యునికి చూపండి.

ఈ దేశపు నాలుగు అధికార భాషలలో తెలుగు లేదు. కనుక ఆ అంకెల అర్థాన్ని అమ్మమ్మకు తెలుగులో చెప్పవలసినవారు మనవలే. పిల్లలూ, బడిపంతులుగా మీకొక ఇంటిపని ఇస్తున్నాను. రోజూ సాయంత్రం “అమ్మమ్మా, ఇవాళ ఎన్ని అడుగులు వేశావు?” అని అడగండి. తక్కువైతే కోప్పడకండి. కోప్పడితే ఆ గడియారం బీరువాలోకి పోతుంది. చెప్పులు వేసుకుని, మీరూ ఆమెతో టౌన్ పార్కు దాకా నడవండి. దారిలో మాట్లాడే తెలుగు మీకు లాభం, నడక ఆమెకు లాభం.