బూతు అన్నది ఎవరు?

(శామీర్‌పేటలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మేడ్చల్ నుంచి వస్తూ ఆటోలో ఒక చిన్న పుస్తకం మళ్ళీ చదివాను. పుస్తకం అనడం పెద్ద మాటే. చేత్తో రాసి, జిరాక్స్ తీయించి, మధ్యలో స్టేపుల్ కొట్టిన పదహారు పేజీలు. మేడ్చల్ వైపు ఒక హాస్టల్లో ఉండి చదువుకునే ఆడపిల్లలు తెచ్చారు. బహిష్టు గురించి రాశారు, బస్సులో వెనకనుంచి తగిలే చేతుల గురించి రాశారు. ఒకమ్మాయి తన కోరిక గురించి రాసింది. రెండు చోట్ల, ఇంట్లో నాన్నలు అమ్మల్ని తిట్టే తిట్లను ఉన్నదున్నట్టు పెట్టారు. హాస్టల్ వాళ్ళ చేతికి చిక్కిన కాపీలన్నీ చించేశారు. బూతు సాహిత్యమనీ, పోలీసులకిస్తామనీ బెదిరించి తల్లిదండ్రుల్ని పిలిపించారు. ఒకమ్మాయిని చదువు మానిపించి తీసుకుపోయారు. నేను వెళ్ళి మాట్లాడాను, ఫలితం లేకపోయింది.

అశ్లీలత గురించి, చట్టం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు కాబట్టి ఇక్కడినుంచే మొదలుపెడుతున్నాను.

ఆ తిట్లు తండ్రి నోట్లో ఉన్నంతకాలం బూతు కాలేదు. కూతురు కాగితం మీద పెట్టగానే అయ్యాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. స్త్రీ కోరికను స్త్రీ నోటితో చెప్పిన కావ్యం. రాసినప్పుడు ఆమెకు గౌరవమే దక్కింది. తర్వాతి కాలంలో వీరేశలింగం గారి వంటి సంస్కర్తకే అది స్త్రీ రాయదగని, వినదగని కావ్యమైపోయింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని పీఠికలోనే నిలదీసింది. వీరేశలింగం గారు స్వయంగా రాసిన శృంగారాన్నీ గుర్తు చేసింది. మరుసటి సంవత్సరమే అశ్లీలమన్న ఆరోపణతో ప్రభుత్వం కాపీలు స్వాధీనం చేసుకుంది. ప్రకాశం పంతులు గారి కాలంలో, 1947లో గాని ఆ నిషేధం పోలేదు. అంతకంటె పచ్చి శృంగారం రాసిన మగ కవుల ప్రబంధాలు ఈ ముప్పయ్యారేళ్ళూ కాలేజీల్లో పాఠ్యపుస్తకాలుగా ఉన్నాయి.

ఇక మన హైదరాబాదుకే వద్దాం. 1965లో దిగంబర కవుల మొదటి సంపుటిని అర్ధరాత్రి వేళ పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. మర్నాటినుంచే బూతు బూతు అని గోల. ఆరుగురూ మారుపేర్లు పెట్టుకుని, పెద్ద ప్రచురణకర్తల దయ లేకుండా, సొంతంగా వేసుకున్న పుస్తకాలవి. మర్యాదస్తుల సాహిత్యాన్ని వాళ్ళు బద్దలు కొట్టిన మాట నిజం. నాకు వాళ్ళంటే గౌరవముంది. కాని స్త్రీవాదిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఆరుగురిలో ఒక్క స్త్రీ లేదు. సమాజపు కుళ్ళు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ కవిత్వానికి ఆడదాని శరీరమే పోలికగా దొరికింది. 1968లో మూడో సంపుటిని విశాఖపట్నంలో యశోద అనే బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. ఆమె పుస్తకం చేతబట్టుకున్నది. ఆమె మాట మాత్రం అందులో లేదు.

చివరికి రాజ్యం వాళ్ళలో ముగ్గుర్ని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను, 1971లో జైల్లో పెట్టినప్పుడు వాడిన ఆయుధం అశ్లీలత కాదు, ముందస్తు నిర్బంధ చట్టం. అప్పటికి వాళ్ళు విప్లవ కవులయ్యారు. కలకత్తాలో అలా కాదు. అక్కడ హంగ్రీ తరం కవులు ఒంటి కాగితం కరపత్రాలుగా కవిత్వం పంచారు. 1964లో అరెస్టులు జరిగాయి. మలయ్ రాయ్ చౌధురికి ఒక కవిత అశ్లీలమని 200 రూపాయలు జరిమానా వేశారు. 1967లో హైకోర్టు కొట్టేసింది. కొట్టేసేదాకా ఆయన పడ్డ తిరుగుడుకు మాత్రం తీర్పులో లెక్క ఉండదు.

ఇందాక ముందు వరసలోంచి ఒక అక్క అడిగింది: "పోస్టర్ల మీద తారు పూసినప్పుడు మనం కూడా అశ్లీలమనే కదా అన్నం? ఇప్పుడు ఆ పిల్లలది కాదని ఎట్ల అంటం?"

ఇది తేలిగ్గా దాటేసే ప్రశ్న కాదు. నేనూ తారు డబ్బా పట్టుకున్నదాన్నే. మనం పోస్టరు మీద తారు పూసింది అందులో ఒళ్ళు కనిపించినందుకు కాదు, ఆ ఒంటిని సరుకు చేసి టికెట్లు అమ్ముకుంటున్నందుకు. మన మనసులో ఆ తేడా స్పష్టంగానే ఉండేది. నినాదంలో మాత్రం 'అశ్లీలం' అన్నాం, ఎందుకంటే చట్టంలో దొరికిన మాట అదే. అది మన పొరపాటని ఇప్పుడనుకుంటున్నాను. 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వచ్చినప్పుడు మనలో చాలామంది సంతోషించాం. ఆ చట్టం నిర్వచనం చదవండి. స్త్రీలను కించపరచడం, ప్రజల నైతికతను చెడగొట్టడం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆడపిల్ల తన రక్తం గురించి రాస్తే ఎవరూ కించపడరు. నైతికత చెడిందని ఫిర్యాదు చేసేవాడు మాత్రం ఎప్పుడూ దొరుకుతాడు. 80వ దశకంలో మన స్త్రీవాద కవయిత్రులు శరీరం గురించి రాసినప్పుడు 'నీలి కవిత్వం' అన్నదీ ఆ నైతికత పేరుతోనే కదా.

ఇక కోర్టుల సంగతి. చెడిపోగల మనసుల మీద రచన ప్రభావమేమిటో చూడమన్నది 1868 నాటి ఇంగ్లండు సూత్రం. లారెన్స్ నవల అమ్మిన బొంబాయి పుస్తకాల షాపు వాళ్ళ కేసులో మన సుప్రీంకోర్టు దాన్నే పట్టుకుంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో గాని దాన్ని వదల్లేదు. రచనను మొత్తంగా, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలంది. 2024 మార్చిలో మరో తీర్పులో తిట్టు వేరు, అశ్లీలత వేరు అని స్పష్టంగా చెప్పింది. మన పిల్లల కాగితాలకు నేరుగా పనికొచ్చే తీర్పు ఇది. పాత 292 సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 294 అయింది. మొదటి నేరానికి రెండేళ్ళదాకా శిక్ష అలాగే ఉంది, జరిమానా మాత్రం రెండు వేలనుంచి అయిదు వేలకు పెరిగింది. సాహిత్యం, కళ, విజ్ఞానం, ప్రజాహితం కోసమైతే మినహాయింపుంది. కాని అది సాహిత్యమని సాక్ష్యం చెప్పడానికి పేరున్న రచయితలకు ప్రొఫెసర్లు వస్తారు. జిరాక్స్ కాగితాలకు ఎవరొస్తారు? పైగా నేను చెప్పిన హాస్టల్ వ్యవహారంలో కేసే లేదు. సెక్షన్ పేరెత్తితే చాలు, పని జరిగిపోయింది. కోర్టులో మన వైపున్న తీర్పులు హాస్టల్ గేటు దాకా రావడం లేదు.

అందుకని మిమ్మల్ని ఒక పని అడుగుతున్నాను. ఆ పిల్లలు రెండో సంచిక రాసి పెట్టుకున్నారు. పేర్లు వేయాలా వద్దా అని నన్నడిగారు. దిగంబర కవులకు మారుపేరు ఒక తిరుగుబాటు, ఈ పిల్లలకు అది భయం. వేయమని చెప్పే హక్కు నాకు లేదు, వద్దనడానికి మనసొప్పలేదు. వచ్చే ఆదివారం మేడ్చల్లో వాళ్ళతో కూర్చుంటున్నాం, ఒక లాయరు స్నేహితురాలు కూడా వస్తున్నారు. చదువు మానిన అమ్మాయి ఇంటికి వెళ్ళాల్సింది కూడా ఉంది. వాళ్ళ నాన్నతో మాట్లాడగలవాళ్ళు మీలో ఇద్దరు కావాలి. భోజనాలప్పుడు పేర్లు చెప్పండి.